పొద్దు తగ్గితే వచ్చే రుచులు

సంక్రాంతికి ముందు పది పదిహేను రోజుల్లో ఎప్పుడైనా కడప జిల్లాలో ఒక పల్లెకు పోయి చూడండి. దీపాలు పెట్టే వేళకు ఇంటి వసారాలో నలుగురైదుగురు గుండ్రంగా కూచుని ఉంటారు. మధ్య ఒక గిన్నె నిండా నీళ్ళు, నీళ్ళలో పచ్చటి గింజలు. ఒక్కొక్కరు ఒక్కొక్క గింజ తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పితుకుతారు. లోపలి పప్పు చటుక్కున జారి పక్క గిన్నెలో పడుతుంది. తోలు వేళ్ళలో మిగిలిపోతుంది. పెద్దవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ, గిన్నెకేసి చూడకుండానే ఈ పని చేస్తారు. కొత్తగా నేర్చుకునే పిల్లలు పితికితే మటుకు పప్పు గిన్నెలో పడదు, ఎదుటివాళ్ళ ముక్కుమీద పడుతుంది.

ఇదే పితికిపప్పు. ఆ గింజలు అనపకాయల లోపలివి. అనుము అనే చెట్టు కాయలే అనపకాయలు. చిక్కుడుకు ఇది దగ్గిర చుట్టం. పితికిన పప్పును కొబ్బరీ, అల్లమూ, ధనియాలూ నూరివేసి పులుసుగా వండుతారు. వేడి వేడి రాగిసంగటిలో గుంటచేసి ఆ పులుసు పోసుకుని తిన్నవాడు మళ్ళీ సంవత్సరం దాకా దాన్ని మరచిపోడు. మళ్ళీ సంవత్సరం దాకా అది దొరకదు కూడాను.

ఒక ఏడు అలా గుండ్రంగా కూచున్నవాళ్ళలో పట్నంలో చదువుకునే పిల్లవాడొకడు ఉన్నాడు. వాడు వాళ్ళ అవ్వను ఇలా అడిగాడు:

"అవ్వా, నేను ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు ఇది చేసిపెట్టమంటే చెయ్యలేదేం?"

"అప్పుడు అనపకాయలు యాడుంటాయి నాయనా? పొద్దు తగ్గితేగాని అనుము పూత పట్టదు," అన్నది అవ్వ.

"నీళ్ళు బాగా పోస్తే?"

"ఎన్ని నీళ్ళు పోసినా అంతే. తీగ సాగుతుంది, ఆకు వేస్తుంది. కాయ మాత్రం కాయదు."

"పొద్దు తగ్గినట్టు చెట్టుకెట్లా తెలుస్తుంది? దానికి గడియారం ఉందా?"

"ఉన్నట్టే ఉంది," అని అవ్వ ఇంకో గింజ పితికింది.

పిల్లవాడు నమ్మలేదు. కాని అవ్వ చెప్పినది అక్షరాలా నిజం. ఈ సంగతి శాస్త్రజ్ఞులు రుజువు చేసి ప్రకటించినది 1920లో. అమెరికాలో గార్నరు, అల్లార్డు అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక పొగాకు రకాన్ని పెంచుతున్నారు. వేసవిలో అది మనిషిని మించి ఎత్తు పెరిగేది గాని, పూసేది కాదు. సోయాచిక్కుడుతో ఇంకొక వింత జరిగింది. పది పదిహేను రోజుల తేడాతో వరసగా విత్తనాలు వేసుకుంటూ పోయినా, ముందు వేసినవీ వెనక వేసినవీ ఇంచుమించు ఒకేసారి పూసేవి. వేడి కారణమేమో, నీరు కారణమేమో, ఎరువు కారణమేమో అని వాళ్ళు ఒక్కొక్కటే పరీక్షించారు. ఏదీ కాదు. చివరికి ఒక చీకటి కొట్టం కట్టి, సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే మొక్కలను అందులో పెట్టి, మర్నాడు పొద్దెక్కాక బయటికి తెచ్చేవాళ్ళు. ఇలా పగటిని తగ్గించేసరికి, నిండు వేసవిలోనే మొక్కలు పూతకు వచ్చాయి!

తరవాత 1938లో హామ్నరు, బోనరు అనే మరి ఇద్దరు ఇంకా చిత్రమైన విషయం కనిపెట్టారు. మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రిని. వాళ్ళు పరీక్షకు తీసుకున్న మొక్క కూడా పొద్దు తగ్గితే పూసేదే. పొడుగాటి రాత్రి మధ్యలో కొద్ది నిమిషాలు దీపం వెలిగించి ఆర్పేస్తే చాలు, ఆ మొక్క తన లెక్క తప్పినట్టుగా పూయడం మానేసింది. అంటే, ఎడతెగని చీకటి ఇన్ని గంటలు ఉండాలని దానికి ఒక నియమం ఉన్నదన్నమాట.

మన నాటు అనుము కూడా అటువంటిదే. కడపలో జూను నెల చివర పగలు సుమారు పదమూడు గంటలు. డిసెంబరు చివర సుమారు పదకొండుంబావు. తేడా రెండు గంటలు కూడా లేదు. మనకైతే "పొద్దు తొందరగా కుంకుతున్నదే" అనిపిస్తుంది, అంతే. అనుముకు అది పెద్ద కబురు. తొలకరికి చెనక్కాయ సాళ్ళ మధ్య వేసిన అనుము, వానకాలమంతా తీగ సాగి, రాత్రులు పొడుగయ్యేటప్పటికి తెల్లగానో ఊదాగానో పూస్తుంది. ధనుర్మాసానికి కాయ నిండుతుంది.

మంచు పడుతున్న రోజుల్లో అనపకాయ పట్టుకుంటే చేతికి జిడ్డు అంటుతుంది, ఘాటైన వాసన వేస్తుంది. ఎరిగినవాళ్ళు బజారులో కాయను ముందు వాసన చూసి, తరవాత బేరమాడుతారు. పొరుగున కన్నడ దేశంలో దీన్ని అవరెకాయ అంటారు. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు పొద్దుతో పనిలేకుండా ఏ కాలంలోనైనా పూచే రకాలను తయారుచేశారు. రైతుకు అది మేలే. ఎండాకాలంలో కూడా నాలుగు డబ్బులు వస్తాయి. కాని ముక్కు తెలిసినవాళ్ళను అడిగి చూడండి, చలికాలపు నాటుకాయ వాసన దానికి రాదంటారు. నేనూ ఆ పక్షమే.

ఇక్కడ ఒక మాట. అనపగింజలు పచ్చివి నోట్లో వేసుకోకూడదు. వాటిలో ఒంటికి పడని పదార్థాలు కొన్ని ఉన్నాయి. బాగా ఉడికితే అవి పోతాయి. కనక పితికేటప్పుడు ఎంత నోరూరినా ఓపిక పట్టండి.

అనుము ఒక్కటే కాదు. ఈ సీమలో చలికాలం తిండి చాలావరకు ఇలా తన వేళ తాను చూసుకుని వచ్చేదే. కర్నూలు, కడప ప్రాంతాల్లో ఏడాదికి సగటున పడే వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అదీ నమ్మకంగా పడదు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గిర బయలుదేరి కడపదాకా పోయే కె.సి. కాలువ కింద వరి పండుతుంది, నిజమే. కాని కాలువ అందని చేలే ఎక్కువ. అటువంటి చోట బతికే చెట్టు, వాన వెలిసిన తరవాత నేలలో మిగిలిన తడినీ, చలిరాత్రుల మంచునూ నమ్ముకోవాలి. వైశాఖంలో పూసి కాయాలని చూస్తే మాడిపోతుంది. అందుచేత ఇక్కడి మెట్టపంటలు చాలా వాటికి పండే కాలం చలికాలమే.

రేగుచెట్టును చూడండి. దాని ముళ్ళు గుచ్చుకోని పల్లెటూరి పిల్లవాడు ఉండడు. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పోయరు. గట్టుమీద, బండల మధ్య, కంపలో కంపగా పెరుగుతుంది. దాని వేరు నేలలోకి చాలా లోతుగా దిగిపోతుంది. ఆకు పైన మెరుస్తుంది, అడుగున తెల్లటి నూగు ఉంటుంది. నీరు ఆవిరై పోకుండా ఆ నూగు అడ్డుపడుతుంది. అన్నిటికంటే గొప్ప తెలివి ఏమంటే, ఎండలు ముదిరేసరికి రేగుచెట్టు ఆకు రాల్చేసి నిద్రపోతుంది! తక్కిన చెట్లు నీళ్ళకోసం అల్లాడుతుంటే, అది చచ్చిన చెట్టులా నిలబడి ఉంటుంది. వానలు పడగానే చిగిర్చి, వానలు వెనకబట్టే వేళకు పూసి, పుష్యమాసానికి పండ్లనిస్తుంది. అందుకే భోగినాడు చంటిపిల్లల తలమీద రేగుపండ్లు పోస్తారు గాని, మామిడిపండ్లు పోయరు. పోద్దామన్నా ఆ రోజుల్లో మామిడి ఇంకా పూతమీద ఉంటుంది. (మామిడిపండ్లు తలమీద పోస్తే పిల్లలు ఊరుకుంటారా అన్నది వేరే సంగతి.)

రేగులో రకాలు ఉన్నాయి. గంగరేగు కోలగా, పెద్దదిగా, తియ్యగా ఉంటుంది. నాటురేగు గుండ్రంగా, చిన్నదిగా, పుల్లపుల్లగా ఉంటుంది. పొదల్లో నల్లగా పండే పరికిపండు వీటి చెల్లెలు. నాటురేగు కొని తినేవాళ్ళు తక్కువ, కోసుకు తినేవాళ్ళే ఎక్కువ. రాజస్థానంలో జోధ్‌పూరులో 1959లో ఏర్పడిన ఎడారి వ్యవసాయ పరిశోధన సంస్థవారు నాటురేగు మొదలుకు మంచి రకం రేగు మొగ్గను అంటుకట్టి, ఎడారి రైతుకు తియ్యటి పండ్లతోట వేసి చూపించారు. వేరు అడవిదే. పండు మటుకు తోటది.

మిగిలిపోయిన రేగుపండ్లను పారవేయరు. బెల్లమూ, ఉప్పూ, కారమూ చేర్చి దంచి, రేగువడియాలుగా ఎండబెడతారు. ఆ వడియం ఒకటి బుగ్గన పెట్టుకుంటే బడి గంట కొట్టేదాకా వస్తుంది. అయ్యవారి కంట పడకూడదు, అంతే.

కర్నూలు వైపు నల్లరేగడి నేలల్లో చలికాలపు అద్భుతం శనగ. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కాలు దూరేటంత నెర్రెలు విచ్చుతుంది. అది నీటిని పట్టి ఉంచే మట్టి. వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరు నెలల్లో రైతు శనగ విత్తుతాడు. తరవాత ఒక్క చినుకు పడకపోయినా, లోపలి తడితోనే పైరు పెరుగుతుంది. తెల్లవారుజామున శనగచేలో నడిచారా? కాళ్ళు తడుస్తాయి. ఆ తడి చురచురమంటుంది. ఎందుచేతనంటే శనగ ఆకుమీద సన్నటి నూగు ఉండి, దానినుంచి పుల్లటి ఆమ్లాలు ఊరుతాయి. మంచులో కలిసిన ఆ పులుపుకు కొన్ని రకాల పురుగులు వెనకాడుతాయి. పూర్వం రాత్రిపూట పైరుమీద పలచటి గుడ్డ పరచి, తెల్లవారి దాన్ని పిండి, ఆ శనగపులుసును మందుగా దాచుకునేవాళ్ళు. లేత శనగాకు కూర ఆ పులుపుతోనే రుచి. జనవరిలో కాయ పచ్చిగా ఉండగా మొక్కకు మొక్కే పీకి, కట్టలు కట్టి బజారుకు తెస్తారు. ఒక కట్ట కొని, ఒక్కొక్క కాయే చిట్లించి తింటూ ఇంటికి పోవచ్చు. ఇంటికి చేరేసరికి చేతిలో ఉత్త కాడలే మిగులుతాయి.

శనగకంటే ముందే బుడ్డలు వస్తాయి. కర్నూలు వాళ్ళు బుడ్డలంటారు, కడప వాళ్ళు చెనక్కాయలంటారు. రెండూ వేరుశనగే. పీకిన నాడే ఉప్పువేసి ఉడకబెట్టాలి. వాటి వెనక పచ్చి కందికాయలు. భోగినాడు వంకాయ, గుమ్మడి, చిక్కుడు, అనపగింజలు అన్నీ కలిపి వండిన కూరలో, నువ్వులద్దిన సజ్జరొట్టె ముంచుకుని తింటే, ఆ నెలలో పొలంలో ఏమేమి పండిందో నాలుకమీదే లెక్క తెలుస్తుంది.

పీకిన నాడే, కోసిన నాడే అని ఎందుకంటున్నాను? ఇది వట్టి చాదస్తం కాదు. పచ్చి గింజ ఇంకా చెట్టున ఉండగా, ఆకునుంచి దానికి చక్కెర వస్తూ ఉంటుంది. గింజ ఆ చక్కెరను పిండిపదార్థంగా మార్చి దాచుకుంటుంది. తన పిల్లమొక్కకోసం దాని ముందుచూపు అది. కాయను కోసినా గింజ ఆ పని మానదు. ఆకునుంచి వచ్చే చక్కెర మటుకు ఆగిపోతుంది. అందుచేత గంటలు గడిచేకొద్దీ తీపి తగ్గుతుంది, పిండి పెరుగుతుంది. పచ్చి బఠాణీలోనూ, లేత మొక్కజొన్నలోనూ ఇది బాగా తెలుస్తుంది. చల్లటి చోట పెడితే ఈ మార్పు నెమ్మదిస్తుంది గాని, ఆగదు.

ఇక ఉసిరిక. కార్తికమాసంలో దాని కిందనే వనభోజనాలు చేస్తారు. నల్లమల అడవుల్లో చలికాలమంతా దొరుకుతుంది. మొదట పులుపు, తరవాత వగరు, మంచినీళ్ళు తాగితే తీపి. ఒక కాయలో మూడు రుచులు! దీనిలో సి విటమిను నారింజకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆవు, మేక, కుక్క ఈ విటమినును తమ ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనుషులకూ కోతులకూ ఆ విద్య లేదు. తిండిలో రావలసిందే. అది చాలాకాలం అందకపోతే చిగుళ్ళు వాచి నెత్తురు కారుతాయి, పళ్ళు కదులుతాయి, మానిన గాయాలు కూడా మళ్ళీ విచ్చుకుంటాయి. దీన్ని స్కర్వీ అంటారు. నెలల తరబడి ఆకూ పండూ లేకుండా ప్రయాణం చేసే ఓడవాళ్ళను ఈ జబ్బు వేలకు వేలుగా చంపింది.

ఓడలెక్కకుండానే మెట్టదేశంలో కూడా ఇది వస్తుంది. 1939-40లో అప్పటి పంజాబులోని హిస్సారు ప్రాంతంలో కరువు వచ్చింది. ఆ ఊరు ఇప్పుడు హర్యానాలో ఉన్నది. పచ్చటిదన్నది కంటికి కనపడక, జనానికి స్కర్వీ పట్టుకున్నది. అప్పుడు వాళ్ళకు మందుగా ఇచ్చినది ఉసిరికే. ఇచ్చినవాళ్ళకు జబ్బు నయమైంది. ఉసిరిక ఎండినా దానిలో విటమిను చాలావరకు మిగిలి ఉంటుంది. తక్కిన పండ్లు ఎండితే ఇలా మిగలదు. దాని వగరే విటమినుకు కాపలా కాస్తుందని చెబుతారు.

మన సీమకు కరువు కొత్తగాదు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ధాత కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. పొలం ఎండినప్పుడు గట్టుమీది రేగూ, కొండమీది ఉసిరికా, అడవి దుంపలూ ఆకులూ ప్రాణం నిలిపే తిండి అవుతాయి. ఇప్పుడు రేగుపండును "పేదవాళ్ళ పండు" అని పక్కకు తోసేవాళ్ళున్నారు. రేగులో కూడా సి విటమిను నారింజను మించే ఉన్నది. పైసా ఖర్చులేదు. కంచె పక్కనే ఉన్నది. కాస్త కడుక్కుని తినాలి, పురుగు ఉన్నదేమో చూసుకోవాలి.

సీతాఫలం గురించి ఎక్కువ చెప్పను. చలి ముదిరేసరికే అది అయిపోతుంది. కండ్లు విచ్చి, మధ్య గీతలు పసుపురంగుకు తిరిగినప్పుడు కోసి గడ్డిలో మాగబెట్టాలని మీకు తెలిసే ఉంటుంది.

చీనీపండు సంగతి మటుకు చెప్పాలి. తక్కినచోట్ల బత్తాయి అనేదాన్ని మనం చీనీ అంటాం. పులివెందుల, లింగాల వైపు తోటలకు తోటలే ఉన్నాయి. పట్నంలో కొనేవాళ్ళు పచ్చటి చీనీని చూసి, "పండలేదు" అని పెట్టేస్తారు, పసుపుపచ్చటిది ఏరుకుంటారు. ఇది పొరపాటు. నారింజ జాతి పండు తొక్కలో ఆకుపచ్చ రంగు పోవాలంటే రాత్రులు బాగా చల్లగా ఉండాలి. కడపలో అంత చలి లేదు. కనక లోపల తీపి నిండినా, పైన పచ్చగానే ఉండవచ్చు. ఈ జాతి పండ్లు కోసిన తరవాత మాగి తియ్యబడవు కూడా. చెట్టున ఎంత తీపి ఎక్కితే అంతే. చేతిలోకి తీసుకుని చూడండి. బరువుగా, నున్నగా, తొక్క పలచగా ఉంటే రసం నిండినదన్నమాట. రంగును నమ్మితే మోసపోతారు.

కాయలు బాగా పండి, రుచిగా ఉండి, చవకగా దొరికే కాలం తినేవాళ్ళకు పండగే. పండించినవాళ్ళకు అన్నివేళలా కాదు. కర్నూలు వైపు పత్తికొండ, ప్యాపిలి ప్రాంతాలు టమోటాలకు పేరు. అందరి చేలూ ఒకేసారి పండితే, మార్కెట్టుకు బండ్లమీద బండ్లు వచ్చిపడతాయి. కోతకూలీ, బండి కిరాయి కూడా గిట్టక, ఎర్రటి టమోటాలను రోడ్డుపక్కన పారబోసి రైతు ఇంటికి పోయిన ఏళ్ళున్నాయి. ఉల్లిగడ్డకూ ఇదే గతి పట్టిన సందర్భాలున్నాయి. ఉల్లి కొన్నాళ్ళైనా ఆగుతుంది, టమోటా ఆగదు. వెనకటికి మన అవ్వలు కూరగాయలను కోసి ఉప్పువేసి, ఎండబెట్టి వరుగులు చేసేవాళ్ళు. చలికాలంలో వానలేని పొడి ఎండ ఈ సీమకు దేవుడిచ్చిన పొయ్యి. గోరుచిక్కుడు వరుగులూ, వంకాయ వరుగులూ, టమోటా వరుగులూ ఎండాకాలమంతా వచ్చేవి. ధర పడిపోయిన వారంలో నాలుగు కిలోలు ఎక్కువ కొని వరుగు పెట్టిన ఇల్లు, తనకూ మేలు చేసుకుంటుంది, రైతుకూ ఒక బుట్ట బరువు తగ్గిస్తుంది. బండ్ల లెక్కలో అదెంత అనకండి.

మన పిల్లవాడి సంగతి మరిచిపోయాను.

వాడు అవ్వ మాట పరీక్షించాలనుకున్నాడు. పట్నానికి పోయేటప్పుడు పదెనిమిది ఎండు అనపగింజలు జేబులో వేసుకుపోయి, ఎండాకాలం సెలవుల్లో ఇంటి ముందు రెండు పెద్ద కుండీల్లో విత్తాడు. ఒక కుండీ వీధిదీపం కింద పెట్టాడు. రెండోది మిద్దె వెనక చీకట్లో పెట్టాడు. రోజూ నీళ్ళు పోశాడు. రెండు తీగలూ ఏపుగా పెరిగాయి. జూలై అయింది, ఆగస్టు అయింది, పువ్వు లేదు. వినాయకచవితికి వాళ్ళ అమ్మ, "ఎందుకురా ఈ కంప, తీసిపారెయ్," అన్నది. వాడు వినలేదు. దీపావళి వెళ్ళాక మిద్దె వెనక తీగకు మొదటి గుత్తి పూత కనిపించింది. వీధిదీపం కింది తీగ మటుకు ఇంకా ఆకులు వేస్తూనే ఉన్నది.

సంక్రాంతికి అవ్వ పట్నం వచ్చింది. మిద్దె వెనక తీగకు పదకొండు కాయలున్నాయి. అవ్వ ఒక కాయ తుంచి వాసన చూసి, "మంచు చాలలేదు," అన్నది. పితికిపప్పు చెయ్యడానికి పదకొండు కాయలు ఏ మూలకు? ఉప్పు వేసి ఉడకబెట్టుకుని, ఇంటిల్లిపాదీ తలా రెండు గింజలు తిన్నారు.